బొంత చేప మట్టి తింటుంది

ఎండుచేపలు అమ్మే ఆవిడ మొన్న మా తుని ఇంటి అరుగు మీద గంప దించి, ఎప్పటిలా బేరం మొదలుపెట్టకుండా ఊరికే కూర్చుండిపోయింది. నేను చేట తెచ్చి ముందు పెట్టాను. అయినా గంప మీద గుడ్డ తియ్యలేదు.

“పల్లెలో మీ పక్కింటత్త పోయిందమ్మా,” అంది. “పడుకున్న మనిషి పడుకున్నట్టే పోయింది. ఎవరి చేతా చేయించుకోలేదు.”

దానికి నేను అన్న మొదటి మాట వింటే మీరు నవ్వుతారు. “ముందురోజు ఏం తిందట?” అని అడిగాను. గంపావిడ నవ్వలేదు. ఆవిడదీ ఆ పల్లే. “గంజి తాగిందమ్మా, బొంత ముక్క నంజుకుని,” అంది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

అత్తని ఎరిగినవాళ్ళెవరైనా ఆ మాటే అడుగుతారు. ఆవిడకి పలకరింపంటే అదొక్కటే. పొద్దున్న ఎదురుపడితే “ఏం తిన్నారు?”, సాయంత్రం ఎదురుపడితే “ఏం తింటారు?” మనుషుల్నే కాదు, చేపని చూసినా, పిట్టని చూసినా, పల్లెలోకి కొత్తగా తోలుకొచ్చిన గేదెని చూసినా ముందు అది ఏం తింటుందో ఆవిడకి తెలియాలి. అది తెలిశాకే దాన్ని గురించి మంచో చెడో మాట్లాడేది.

అత్త అంటున్నాను గానీ ఆవిడ నాకు చుట్టం కాదు, పక్కింటావిడ. మాది తణుకు దగ్గర వరిచేల ఊరు, క్రైస్తవ కుటుంబం. మా ఆయన్ని మిషనువాళ్ళు కోరంగి దిగువన చేపలు పట్టేవాళ్ళ పల్లెకి పంతులుగా పంపారు. నాకప్పుడు కొత్తగా పెళ్ళయింది. పల్లెకీ సముద్రానికీ మధ్య ఉప్పునీటి కయ్య, అంటే సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన పాయ, ఒకటుంది. పోటొచ్చినప్పుడు నీళ్ళు గుమ్మాల దాకా వచ్చేవి. పాటు తీసినప్పుడు కనుచూపు మేర నల్లటి బురద, దాని అవతల మడ అడవి. పచ్చటి చేలు చూసి పెరిగినదాన్ని, ఆ బురద చూసి మా అమ్మని తలుచుకుని ఏడ్చాను. బడి మిట్ట మీద ఉండేది. దాన్ని ఆనుకుని మా ఇల్లు, మా ఇంటి పక్కన మిట్ట వాలులో అత్తది. ఆవిడకి పిల్లలు లేరు. మామ, అంటే ఆవిడ పెనిమిటి, విసురు వలతో చేపలు పట్టేవాడు. వాళ్ళు అమ్మవారికి కోడిని కోసేవాళ్ళు, మేము ఆదివారం కీర్తనలు పాడేవాళ్ళం. మధ్యలో ఉన్నది ఒక తాటాకు దడి. కూర గిన్నెలు ఆ దడి మీదుగా అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి.

మేము వెళ్ళిన వారంలోనే అత్త దడి మీదుగా ఒక బొంత చేపనిచ్చింది. మోచెయ్యంత ఉంది, వెండిలా మెరుస్తోంది. నేను మా ఊళ్ళో చెరువు చేపల్ని కోసినట్టే కోసి, పులుసు పెట్టాను. ఇల్లంతా బురద కంపు. మా ఆయన ఒక్క మాట అనకుండా తిని, తిన్నాక దేవుడికి వందనాలు చెప్పారు. ఆ వందనాలు భోజనానికో, భోజనం అయిపోయినందుకో నేను అడగలేదు.

మర్నాడు అత్త వచ్చి “ఏం తిన్నారు పంతులమ్మా?” అంది. జరిగింది చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వాపుకోలేక మా వాకిట్లోనే కూలబడింది.

“కడుపులో నల్ల పొర తియ్యలేదా?”

“అదేంటత్తా?”

“సరిపోయింది. ఆ పొర ఉప్పేసి రుద్ది తీసెయ్యాలమ్మా. లేపోతే బొంత తిన్న మట్టంతా నువ్వూ తిన్నట్టే.”

అప్పటికప్పుడు ఇంకో చేప తెచ్చి, కత్తిపీట ముందు నన్ను కూర్చోబెట్టి చూపించింది. బొంత నోరు చిన్నది, కిందికి తిరిగి ఉంటుంది. వేలు పెట్టి తడిమితే పళ్ళు తగలవు. కడుపు కోస్తే పేగు చుట్టలు చుట్టలుగా వస్తూనే ఉంది. “ఇంత చేపకి ఇంత పేగేంటత్తా?” అన్నాను. “గేదెకి లేదూ? మేత మేసేదానికి పేగు పొడుగే ఉంటాది,” అంది. పేగు మొదట్లో కోడి కందనకాయ లాంటిది ఒకటుంది, గట్టిగా, ఉసిరికాయంత. దాన్ని చీల్చి నా అరచేతిలో పెట్టి పిండింది. సన్నటి ఇసకా, ఆకుపచ్చటి బురదా.

“దీనికి నవలడానికి పళ్ళు లేవు కదా. అందుకని ఇసక మింగుతాది. ఆ ఇసకే లోపల నలుగుద్ది. బురద మీద పాచి కడతాది చూడు, అదీ దీని అన్నం. పాపం, ఇంకోదాని జోలికెళ్ళదు.”

ఆ కందనకాయనే లోపలి తోలు ఒలిచి, కారం వేసి వేయించి పెట్టింది. మా తణుకు వైపు నాకు ఇష్టమని ఎవరేం వండి పెట్టినా దానికి సాటి రాదు. ఇప్పటికీ తలుచుకుంటే నోరూరుతుంది. పోయిన మనిషి స్మృతి రాస్తూ నోరూరడమేమిటని మీరనుకుంటే అనుకోండి, అత్త మాత్రం అనుకోదు.

పాటు తీశాక బొంతలు వెనక్కి కయ్య లోతుల్లోకి పోయేవి. పోటు మొదలవగానే నీటి అంచుతో పాటు అవీ వచ్చేవి. వీపులు మునగనంత నీళ్ళలో, తలలు కిందికి పెట్టి, తోకలు పైకెత్తి బురద మీది పాచిని గీక్కుంటూ, ఇసకని మొప్పల్లోంచి బయటికి వదిలేస్తూ మంద మందగా మేసేవి. అత్త తన ఇంటి రేవులో కూర్చుని గిన్నెలు తోముకుంటూ వాటిని చూసేది. చేటలో మిగిలిన తవుడు కాస్త చల్లేది. కాళ్ళ దగ్గరికి వచ్చి తినేవి. మామ వల భుజాన వేసుకుని అటు రాబోతే ఊరుకునేది కాదు.

“పిలిచి అన్నం పెట్టి తల మీద కొట్టమంటావా? అవతలికెళ్ళి వేసుకో.”

“నా మెతుకులు సగం చేపలకే పోతన్నాయండి పంతులుగారూ. నేను చిక్కిపోతన్నాను, అవి బలుత్తన్నాయి,” అని మామ మా ఆయనతో ఫిర్యాదు చేసేవాడు. మామ చిక్కిన మనిషి కాదు. వెడల్పాటి భుజాలు, పెద్ద నవ్వు. వల విసిరితే గాలిలో పందిరి వేసినట్టు పరుచుకునేది. ఆయన తిని లేచేదాకా అత్త నోట్లో ముద్ద పెట్టుకునేది కాదు. ఆవిడ తినేదాకా ఆయన అరుగు దిగేవాడు కాదు. ఒకరినొకరు తిట్టుకోని పూట మాత్రం లేదు.

అన్ని చేపలూ బొంతలాంటివి కాదని కూడా ఆవిడే చెప్పింది. పండుగప్ప మడ చెట్ల వేళ్ళ దగ్గర కదలకుండా కాచుకుని, దగ్గరికొచ్చిన చిన్న చేపనీ రొయ్యనీ ఒక్క గుటకలో లాక్కుంటుంది. జెల్లలకి ఇది అది అని లేదు. మూతి మీది మీసాలతో బురదంతా తడుముకుంటూ, బతికినదీ చచ్చినదీ ఏది దొరికితే అది తినేస్తాయి. పీతలూ అంతే. “వాటి తప్పు కాదమ్మా. దేవుడు వాటికి ఆ నోరే ఇచ్చాడు,” అనేది. ఆ రోజుల్లో జెల్ల పులుసంటే ఆవిడకి ప్రాణం.

తర్వాత ఉప్పెన వచ్చింది. దాన్ని గురించి ఎక్కువ రాయను. గోదావరి దిగువన ఉండేవాళ్ళకి చెప్పనక్కర్లేదు, పైనున్నవాళ్ళకి చెప్పినా తెలియదు. గాలి లేచినప్పుడు పల్లెలో చాలామంది బడి మిట్ట మీదికి వచ్చేశారు. అత్తని మామే తీసుకొచ్చి మా గుమ్మంలో దించాడు. పడవ కట్టు చూసుకుని వస్తానని మళ్ళీ దిగాడు. అంతే. నీళ్ళు తీశాక పోయినవాళ్ళలో కొందరు మడ వేళ్ళలో దొరికారు, కొందరు దూరాన ఇసక దిబ్బల మీద దొరికారు. మామ దొరకలేదు.

మిగిలినవాళ్ళకి తిండి లేదు. గాదెల్లో ధాన్యం కొట్టుకుపోయింది. చేలన్నీ ఉప్పుదేలాయి. కాలువ గట్లు తెగి, కాకినాడ నుంచి బియ్యం పడవలు ఎప్పుడో గానీ వచ్చేవి కావు. వచ్చిన బియ్యంతో బడి ముందు గంజి కాచి అందరికీ పోసేవాళ్ళం. మా ఆయన గంజికి ముందు ప్రార్థన చేసేవారు. అది కాస్త సాగితే అత్త వెనక నుంచి “దేవుడికి ఆకలెయ్యదు గానీ పిల్లలకేత్తాది పంతులుగారండీ,” అనేది. అంత దుఃఖంలోనూ ఆ మాటకి ఇద్దరు ముగ్గురు నవ్వేవాళ్ళు. ఆయన ఆమేన్ అనేసేవారు.

ఎదురుగా కయ్య నిండా చేపలున్నాయి. అది బొంతలు గుడ్డుకొచ్చే రుతువు. నీళ్ళ మీద ఎగిరెగిరి పడుతున్నాయి. ఒక్కడూ వల తియ్యలేదు. మనవాళ్ళని మింగిన నీళ్ళు, ఆ నీళ్ళలో చేప మనవాళ్ళనే తిని ఉంటుంది, దాన్ని మనమెలా తింటామని అందరిదీ ఒకటే మాట. పల్లె పెద్ద నోటితో అది కట్టుబాటైంది. నేను పెద్దని అడిగాను, ఎన్నాళ్ళిలాగ అని. ఆయన గొంతు తగ్గించి, అత్త ఇంటివైపు చూశాడు.

“ఎన్నాళ్ళంటే ఏం చెప్పనమ్మా. ఆవిడ పెనిమిటి ఇంకా ఆ నీళ్ళల్లోనే ఉన్నాడు. ఆవిడ కళ్ళ ముందు ఎవడు వల దులుపుతాడు? ఎవత్తి పొయ్యి మీద చేప ఉడుకుద్ది?”

ఆ మాటతో నాకు అర్థమైంది. భయం ఒకవంతే. పల్లె అంతా పస్తులుంటున్నది అత్త మొహం చూసి. ఆ సంగతి ఆవిడకి తెలియకూడదని ఎవరికి వారే గుట్టుగా ఉంచారు. ఆవిడ రోజూ తెల్లారుతూనే చేతి వల భుజాన వేసుకుని కయ్య వెంట ఎటో వెళ్ళి, పొద్దెక్కాక వట్టి చేతులతో వచ్చేది. మనసు నిలవక తిరుగుతోందని, శవం కోసం వెతుకుతోందని అందరం అనుకున్నాం. వెంట వెళ్ళడానికి ఎవరికీ మనసొప్పలేదు.

మా పెద్దపిల్ల అప్పటికి చంటిది. నా ఒంట్లో పాలు ఇగిరిపోయాయి. పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి, చివరికి ఏడుపు కూడా మానేసింది. ఏడ్చినప్పటికంటే మానేసినప్పుడు నాకు ఎక్కువ భయం వేసింది. నీళ్ళ గంజి వేలితో నాకిస్తూ కూర్చున్నాను. అత్త లోపలికి వచ్చి పిల్ల పొట్ట తడిమి చూసింది. నా వైపు చూసింది.

“ఏం తిన్నావు?”

“గంజేగా అత్తా.”

“మరి చేప?”

నా చూపు ఆవిడ మొహం మీద నుంచి గుమ్మం వైపు తప్పుకుంది. ఆవిడ గుమ్మంలో నిలబడి బడి ముందు కూర్చున్న ఆడవాళ్ళని ఒక్కొక్కరినీ చూసింది. ఎండిన మొహాలు, ఆవిడ చూపు తగలగానే పక్కకి తిరిగిపోతున్నాయి. ఇంతమంది తన కోసం కడుపు మాడ్చుకుంటున్నారని ఆవిడకి అప్పుడే తెలిసిందనుకుంటాను. గుమ్మం దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు గంజి పోసే వేళకి వచ్చింది. ఒక చేతిలో కత్తిపీట, ఒక చేతిలో తాడుకి గుచ్చిన బొంతలు. బడి ముందు అందరి మధ్యా కత్తిపీట వేసుకుని కూర్చుంది. కొందరు లేచి నిలబడ్డారు. ఒకావిడ పిల్లవాడి కళ్ళు మూసింది.

“ఎవరూ వెళ్ళకండి. చూడండి,” అంది అత్త. ఒక చేప నోరు వేలితో తెరిచి చుట్టూ తిప్పి చూపించింది. “ఈ నోట్లో పన్నుందా? ఈ నోరు దేన్ని కొరుకుద్ది?” కడుపు కోసింది. పేగు తీసి ఆకు మీద పరిచింది. కందనకాయ చీల్చి అరచేతిలోకి పిండింది. ఆకుపచ్చటి బురద, సన్నటి ఇసక. ఇంకో చేప కోసింది. అదే బురద. ఇంకోటి. అదే. పెద్ద దగ్గరికి చెయ్యి చాపింది.

“బొంత మట్టి తింటాది, పాచి తింటాది. ఉప్పెనకి ముందూ అదే తింది, ఇప్పుడూ అదే తింటంది. మీ అన్న దీని కడుపులో లేడు.”

పెద్ద ఆ బురద వైపు చాలాసేపు చూశాడు. “మిగతా చేపలో వదినా?” అన్నాడు. అడగకుండా ఉంటే బాగుండునని నాకు అనిపించింది.

అత్త చెయ్యి వెనక్కి తీసుకుని, నీళ్ళ కుండలో ముంచి కడుక్కుంది. “జెల్ల ముట్టొద్దు. పీత ముట్టొద్దు. వాటి సంగతి నేను చెప్పలేను,” అంది. ఆ మాట అనడానికి ఆవిడ ఏం ఒప్పుకోవలసి వచ్చిందో అక్కడున్న ప్రతివాళ్ళకీ తెలుసు. ఎవరూ తల ఎత్తలేదు.

వండింది మా పొయ్యి మీదే. ఉప్పూ చింతపండూ తప్ప వెయ్యడానికి ఏమీ లేదు. అందరూ చూస్తుండగా మొదటి ముక్క ఆవిడ నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగడానికి మాత్రం చాలాసేపు పట్టింది. మింగాక రెండో ముక్క నా నోటికి అందించి, “తిను. నీ కోసం కాదు,” అంది. ఆ సాయంత్రం పల్లెలో వలలు తీశారు. కొద్దిరోజులకి నా పిల్ల మళ్ళీ గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది, తాగడానికి పాలూ దొరికాయి. ఆ పిల్లకిప్పుడు ఇద్దరు బిడ్డలు. ఈ ముగ్గురి ప్రాణాలూ అత్త పెట్టినవని నేను ప్రార్థనలో చెబుతుంటాను. దేవుడు కోప్పడడనే నా నమ్మకం.

ఆ తర్వాత మామకి కర్మ చేయించింది. చేలు మెల్లగా తేరుకున్నాయి. జెల్లలూ పీతలూ మళ్ళీ అందరి ఇళ్ళలోకీ వచ్చాయి. అత్త ఇంటికి మాత్రం రాలేదు. అలాగని ఎవరినీ తినొద్దనలేదు. పిల్లలు పీతలు కాల్చుకుంటుంటే పక్కనే కూర్చుని డెక్కలు పగలగొట్టి పెట్టేది కూడా. ఎవరైనా ఒక ముక్క తినమంటే “నాకు పడదు,” అనేది. నాకు ఒకప్పటి జెల్ల పులుసు గుర్తొచ్చి, మాట మార్చేదాన్ని.

మా ఆయనకి తుని బదిలీ అయ్యాక కూడా ఏటేటా ఎండబెట్టిన బొంతలు ఈ గంపావిడ చేత పంపేది. నల్ల పొర తీసే పంపానని కబురు కూడా పంపేది. ఇన్నేళ్ళయినా ఆ ఎకసెక్కం మానలేదు.

పోయిన వేసవిలో పిఠాపురం మీదుగా కాకినాడ వెళ్ళినప్పుడు, పడవెక్కి పల్లెకి వెళ్ళాను. అత్త బాగా వంగిపోయింది. చూపు ఆనడం లేదు. అయినా రేవులోనే కూర్చుని ఉంది. నా గొంతు విని “పంతులమ్మా, లావయ్యావా?” అని చెయ్యి పట్టుకుని తడిమి చూసి, తృప్తిపడింది. పక్కన కూర్చున్నాను. పోటు వస్తోంది. బొంతలు మేతకి వస్తున్న చప్పుడు వింటూ, ఎన్నాళ్ళ నుంచో మనసులో ఉన్న మాట అడిగాను.

“ఆ రోజు అందరి ముందూ అంత గట్టిగా ఎలా కోశావత్తా? ఒకదాంట్లో ఏమైనా కనబడితేనో?”

ఆవిడ నీళ్ళలో చెయ్యి ముంచి తీసింది. వినబడలేదేమో అనుకున్నాను.

“అంతకుముందే చాలా కోసేశానమ్మా. రోజూ తెల్లారి వెళ్ళేదాన్ని చూడు, అందుకే. నీళ్ళల్లో వల వేసి, పడ్డవి పడ్డట్టు అక్కడే బురదలో కూర్చుని కోసేదాన్ని. తినడానికి కాదు. మీ మామ కోసం చూసుకునేదాన్ని.”

“దేన్ని కోసినా మట్టే ఉండేదా?”

“మట్టే. లేడు, లేడు అనుకునేదాన్ని. మళ్ళీ ఇంకోటి కోసేదాన్ని.”

నేను అడగకూడదనుకుంటూనే అడిగాను. “జెల్లలు?”

అత్త నా చెయ్యి వదలలేదు. “అవి కొయ్యలేదమ్మా,” అంది.

గంపావిడ వెళ్ళిపోయిన దగ్గర్నుంచీ నాకు ఆ తెల్లవారుజాములే కళ్ళ ముందు మెదులుతున్నాయి. మేమంతా మిట్ట మీద ఆకలితో ముడుచుకుని పడుకున్న ఆ వేళ, ఆవిడ మోకాటి లోతు బురదలో ఒక్కతే కూర్చుని, ఆయన ఉండడని ముందే తెలిసిన చేపల్నే ఒకదాని తర్వాత ఒకటి కోస్తూ, అరచేతిలోకి మట్టి పిండి చూసుకుంటూ, కడుక్కుంటూ, మళ్ళీ ఒకటి తీసుకుంటూ ఉండేది. వలలో జెల్ల పడితే మాత్రం ముల్లు గుచ్చుకోకుండా మెల్లగా విడదీసి, దాని పొట్ట వైపు చూడకుండా నీళ్ళలో వదిలేసేదట.